పలనాటి మెట్టభూములలో ఓషధుల సేద్యము

పలనాటి రైతు మేఘమును నమ్మి సేద్యము చేయువాడు. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములందు కృష్ణానది సమీపముననే ప్రవహించుచున్నను చిరకాలము ఆ నీరు పొలమునకు ఎక్కలేదు. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు పునాది వేయబడి, 1967లో కాలువలకు నీరు విడువబడిన పిమ్మట కుడికాలువ క్రింది పల్లపు భూములు మాగాణులైనవి. కాని వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మున్నగు చోట్ల కాలువ అందని మెరక భూములు నేటికిని విస్తారముగ నున్నవి. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యస్థానముగ పలనాడు జిల్లా ఏర్పడినప్పుడును ఈ మెరక రైతు స్థితి మారలేదు.

ఈ సీమలో ప్రత్తి, మిరప అను రెండు పైరులపైననే రైతు తన సర్వస్వమును పెట్టుచున్నాడు. ఆ రెండును కలిసివచ్చిన యేట ఇల్లు నిండును. కలిసిరాని యేట పొలము తాకట్టు పడును. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలయందు తెల్లదోమ ప్రత్తిని నాశనము చేయగా అప్పుల పాలయిన రైతులు ప్రాణములు తీసికొనిరి. 2021-22లో నల్ల తామరపురుగు మిరపతోటలపై బడి పూత నంతయు మాడ్చివేసెను. ఒకటి రెండు పైరులనే నమ్ముకొన్నవానికి అవి తప్పినపుడు నిలువ నీడ లేదని యీ రెండు అనుభవములును చెప్పుచున్నవి. రైతుతోపాటు అతని పొలమున పనిచేయు కూలివాడును పని లేక వలసపోవును.

ఇట్టి స్థితిలో మెరక భూమిలో కొంత భాగమును ఓషధుల సేద్యమునకు వినియోగించుట మేలగునా అను ప్రశ్న పుట్టుచున్నది. మేలగును, కాని షరతులతో. ఆ షరతులేవో, ఏ పైరు ఎట్టి భూమికి తగునో, కూలిజనమునకు పని ఎట్లు దొరకునో, మోసపోకుండుట యెట్లో ఇందు వివరింపబడును.

1. భూమి

మొదట తెలిసికొనదగినది యేమనగా, ఓషధులు నల్లరేగడిలో ప్రత్తికి బదులుగ వేయదగిన పైరులు కావు. వేరు కొరకు పెంచు మొక్కకు నల్లరేగడి రెండు విధముల హాని చేయును. వాన పడినపుడు నీరు నిలిచి వేరు కుళ్ళును. ఎండినపుడు నేల బిగిసి వేరు త్రవ్వుట దుర్లభమగును, వేరు విరిగి నాసిరకము క్రిందికి పోవును. కావున రేగడిని ప్రత్తికి, కందికి, శనగకు విడిచిపెట్టి, నీరు ఇంకిపోవు ఎఱ్ఱ గరువులను, ఇసుకపాలు కలిసిన మెరకలను మాత్రమే ఈ పనికి ఏర్పరచుకొనవలెను. రాళ్ళు మిక్కుటముగ నున్న చోట వేరు వంకరపోవును. అట్టి భూమి ఆకు పైరులకు తగును గాని వేరు పైరులకు తగదు.

పిడుగురాళ్ళ, దాచేపల్లి ప్రాంతములందు సున్నపురాతి నేలలు కలవు. అచ్చటి భూములలో ఏ పైరు వేయుటకు ముందైనను మట్టిని పరీక్ష చేయించుట యవసరము. సున్నపుబట్టీల దుమ్ము పడు పొలములందు ఆకు పైరు వేయరాదు. మందునకు కొను ఆకు శుభ్రముగ నుండవలెను.

2. ఏవి తగును, ఏవి తగవు

ఈ సీమకు తగినవి: పెన్నేరు లేక అశ్వగంధ, సునాముఖి లేక నేలతంగేడు, నేలవేము, బిళ్ళగన్నేరు, గట్లపై కలబంద, దీర్ఘకాలపు చెట్లలో ఉసిరి, వేప.

తగనివి: ఇసబ్గోలు చల్లని పొడివాతావరణము కోరునది, గుజరాతు, రాజస్థానములలో పండును. సఫేద్ ముస్లి నీరు, పెట్టుబడి విస్తారముగ కోరును. 2000వ సంవత్సరము తరువాత కొన్ని యేండ్లు ఈ ముస్లిదుంపలను విత్తనము పేర మిక్కిలి ప్రియముగ అమ్మి, తిరిగి కొందుమని మాట యిచ్చినవారు పంట చేతికి వచ్చునప్పటికి కనబడకపోయిన సందర్భములు దేశమున పెక్కు చోట్ల జరిగినవి. విత్తనము అమ్ముటయందే ఆత్రము చూపి, పంట కొనుటను గూర్చి వ్రాతమూలముగ ఏమియు చెప్పనివాని యొద్ద విత్తనము కొనరాదు. ఇది పైరులన్నింటికిని వర్తించు సూత్రము.

3. పెన్నేరు (అశ్వగంధ)

ఇది మధ్యప్రదేశములోని మందసౌర్, నీమచ్ ప్రాంతములందు బహుకాలముగ సాగులో నున్నది. నీమచ్ పట్టణపు అంగడి ఈ వేరునకు దేశమున ముఖ్యమైన బజారు. మందసౌర్ పరిశోధన స్థానమున జవాహర్ అశ్వగంధ-20, జవాహర్ అశ్వగంధ-134 అను రకములను, లక్నోలోని కేంద్ర ఔషధ సుగంధ మొక్కల సంస్థవారు పోషిత, రక్షిత అను రకములను వృద్ధిచేసిరి. ఈ సంస్థ 1959లో స్థాపింపబడినది. హైదరాబాదు చెంత బోడుప్పల్‌లో దీనికి పరిశోధన కేంద్రము కలదు.

*దుక్కి:* తొలకరికి రెండు మూడు పర్యాయములు దున్ని మట్టిని మెత్తచేయవలెను. ఎకరము 1కి 4 టన్నుల మాగిన పశువుల యెరువు చల్లి కలియదున్నవలెను. పచ్చి పెంట వేసినచో చెదలు పట్టును.

*విత్తుట:* పెద్దవానలు వెలిసిన పిమ్మట, అనగా ఆగస్టు నెలాఖరు మొదలు సెప్టెంబరులోపల విత్తవలెను. ముందుగ విత్తినచో అధిక వర్షమునకు మొలక కుళ్ళును. వెదజల్లుటకు ఎకరమునకు 4 నుండి 5 కిలోల విత్తనము పట్టును. విత్తనము మిక్కిలి చిన్నది గాన దానికి అయిదింతల సన్నని ఇసుక కలిపి చల్లి, పైన తేలికగ మట్టి కప్పవలెను. ఒక అంగుళమునకు మించి లోతున పడిన విత్తనము మొలవదు. సాళ్ళలో విత్తినచో విత్తనము సగము చాలును; సాలుకు సాలుకు 25 నుండి 30 సెంటీమీటర్ల యెడ ముండవలెను. కలుపు తీయుటయందు సాళ్ళ పద్ధతియే సుళువు.

*పలుచన:* విత్తిన 25, 30 దినములకు ఒత్తుగ నున్న మొక్కలను పీకి, మొక్కకు మొక్కకు 8 నుండి 10 సెంటీమీటర్లు విడువవలెను. ఈ పనిని రైతులు తరచు ఉపేక్షింతురు. ఒత్తుగ నున్న పైరు కంటికి నిండుగ కనబడును గాని వేరు ఊరదు. వేరే ఇచ్చట పంట, ఆకు కాదు. అశ్వగంధ ఆకును మందులలో వాడరాదని ఆయుష్ మంత్రిత్వశాఖవారు 2021లో ఔషధ తయారీదారులకు సూచించియున్నారు. ఆకుకు ధర కట్టి ఆశపెట్టువారి మాట వినరాదు.

*చీడలు:* వంకాయతోటలలో కనబడు అక్షింతల పురుగు దీనిని కూడ తినును. ఉదయము వేళ పురుగులను, గ్రుడ్ల సముదాయములను ఏరివేయించి, 5 పాళ్ళ వేపగింజల కషాయము చల్లవలెను. మిరపకు కొట్టు మందులు దీనికి కొట్టరాదు. ఆ మందుల శేషము వేరులో నిలిచినచో పరీక్షలో తేలి సరుకంతయు తిరస్కరింపబడును. మిరపపొలము గాలివాటున ఉన్న మడిలో పెన్నేరు వేయకుండుట మంచిది.

*త్రవ్వకము:* విత్తిన 150 నుండి 180 దినములకు ఆకులు ఎండి, కాయలు ఎఱ్ఱబడును. అదియే తరుణము. మొక్కను వేరుతో సహా పెకలించి, మొదటి నుండి ఒకటి రెండు సెంటీమీటర్లపై కాండమును కోసివేయవలెను. వేరును 7 నుండి 10 సెంటీమీటర్ల ముక్కలుగ తరిగి ఆరబెట్టి, కఱ్ఱతో తట్టి మట్టిని, పిల్లవేళ్ళను రాల్చవలెను. ఎఱ్ఱని కాయలను వేరుగ కోసి ఎండబెట్టి విత్తనము తీసికొనవలెను. స్వంత విత్తనము ఉన్న రైతు మరుసటి యేడు ఎవరిని ఆశ్రయింపనక్కరలేదు.

*తరగతులు:* బజారున వేరును నాలుగు తరగతులుగ చూతురు. 7 సెంటీమీటర్ల నిడివి, ఒకటి మొదలు ఒకటిన్నర సెంటీమీటర్ల మందము గలిగి, విరిచినపుడు పెళుకుగ విరిగి లోన తెల్లగ నుండునది మొదటి తరగతి. 5 సెంటీమీటర్ల నిడివి గలది రెండవది; 3, 4 సెంటీమీటర్లది మూడవది; సన్నని, బోలు, విరిగిన తుక్కు నాలుగవది. అన్నింటిని కలిపి ఒకే సంచిలో పోసినచో కొనువాడు నాలుగవ తరగతి ధరయే కట్టును. వర్షాధారమున సక్రమముగ సాగుచేసినచో ఎకరమునకు సుమారు 160 నుండి 200 కిలోల ఎండువేరు రావచ్చును.

4. సునాముఖి (నేలతంగేడు)

ఇది అరబ్బు దేశములనుండి వచ్చి తమిళదేశమున తిరునెల్వేలి సీమలో స్థిరపడిన మొక్క. తూత్తుకుడి రేవునుండి విదేశములకు ఎగుమతియై, తిరునెల్వేలి సునాముఖి యనియే లోకమున ప్రసిద్ధికెక్కినది. దీని యాకు, కాయ విరేచన ఔషధములకు ఉపయోగింపబడును. నీరు తక్కువైనను ఓర్చును. నీరు నిలిచినచో మాత్రము రెండు మూడు దినములలో వేరు కుళ్ళి చచ్చును. సారము తక్కువయిన మెరకలందును బ్రతుకును గాన పలనాటి ఎఱ్ఱనేలలకు ఇంతకంటె తగిన ఆకు పైరు లేదని చెప్పవచ్చును.

ఎకరమునకు 6 నుండి 8 కిలోల విత్తనము చాలును. విత్తనపు పొర గట్టిది గాన రాత్రియంతయు నీటిలో నానబెట్టియో, గరుకు ఇసుకతో రుద్దియో విత్తవలెను. సాలుకు సాలుకు 45 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 30 సెంటీమీటర్లు ఎడముంచవలెను. జూన్, జూలై నెలలలో తొలి వానకు విత్తవచ్చును.

మొదటి కోత 60 నుండి 90 దినములకు వచ్చును. ముదిరి, దళసరియై, నీలివన్నె కలిసిన పచ్చని యాకును మాత్రమే చేతితో దూయవలెను. తరువాత నెల దినములకు రెండవ కోత, 130 నుండి 150 దినములకు మూడవ కోత. పూగుత్తులను త్రుంచివేయుచుండినచో ఆకు ఎక్కువ దినములు వచ్చును. పసుపువన్నె సీతాకోకచిలుకల గొంగళిపురుగులు ఆకును తినును, వేపకషాయముతో అణచవచ్చును. వర్షాధారమున ఎకరమునకు సుమారు 3 నుండి 4 క్వింటాళ్ళ ఎండాకు రావచ్చును.

ఒక హెచ్చరిక: పలనాటి బీళ్ళలో తంగేడు విస్తారముగ మొలచును. తూకము పెంచుటకు తంగేడాకును సునాముఖిలో కలుపుట పూర్వమునుండియు బజారున ఉన్న దోషము. సూక్ష్మదర్శినితో చూచినచో ఈ రెండును వెంటనే వేరుపడును. 1930లో భారత ప్రభుత్వము రామనాథ చోప్రా అధ్యక్షతన నియమించిన ఔషధ విచారణ సంఘమువారు విచారించిన విషయములలో కల్తీ మందులు ముఖ్యమైనవి. ఒక రైతు చేసిన కల్తీ వలన ఊరి సరుకంతయు చెడ్డపేరు తెచ్చుకొనును.

5. ఇతర పైరులు

*నేలవేము:* కొంచెము తడి కోరును. బావి యున్నవారు మే, జూన్ నెలలలో నారుపోసి జూలైలో 30 సెంటీమీటర్ల సాళ్ళలో నాటవలెను. 90 నుండి 110 దినములలో, పూత మొదలగు సమయమున, మొదలంట కోసి నీడలో ఆరబెట్టవలెను. పూత ముదిరినకొలది ఆకు రాలి చేదుతనము, దానితో ధరయు తగ్గును. ఉసిరితోటలో అంతరపైరుగ కూడ వేయవచ్చును.

*బిళ్ళగన్నేరు:* ప్రతి పెరటిలోను మొలచు ఈ మొక్కనుండి కెనడా దేశపు శాస్త్రజ్ఞులు రాబర్టు నోబుల్, చార్లెస్ బీర్ అనువారు 1950వ దశాబ్దమున క్యాన్సరు చికిత్సకు ఉపయోగించు విన్‌బ్లాస్టిన్ అను ద్రవ్యమును వేరుచేసిరి. మేకలు దీనిని ముట్టవు. కంచె లేని పొలమునకు ఇది గొప్ప సదుపాయము. ఏడాదికి ఆకు, వేరు రెండును అమ్ముడుపోవును. అయితే దీనిని కొనువారు మందులు తీయు కర్మాగారములవారు మాత్రమే గాన, కొనువాడు నిశ్చయమైన పిమ్మటనే వేయవలెను. ఇది విషపు మొక్క. పనివారు ఆకు దూసిన చేతులను కడుగుకొనకుండ అన్నము తినరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు.

*ఉసిరి:* అంటుమొక్కలను 8 మీటర్ల దూరమున నాటినచో ఎకరమునకు 60 చెట్లకు పైగా పట్టును. నరేంద్ర-7, కృష్ణ, కాంచన్ అనునవి పేరొందిన రకములు. ఒకే రకము నాటినచో కాపు తగ్గును. రెండు రకములు కలిపి నాటవలెను. నాలుగైదేండ్లకు కాపు మొదలగును. అప్పటివరకు చెట్ల నడుమ పెన్నేరు, సునాముఖి వేసికొనవచ్చును. ఉసిరిలో మరియొక మేలు కలదు: మందుల అంగడి మందగించినను పచ్చడికి, మురబ్బాకు కాయ అమ్ముడుపోవును.

6. అడవి ఓషధులు

మాచర్లకు పడమట, దక్షిణమున నల్లమల అడవి కలదు. అందు కొంత భాగము 1983లో పులుల రక్షితప్రదేశముగ ప్రకటింపబడిన నాగార్జునసాగర్ శ్రీశైలము అడవిలో చేరినది. అచ్చటి చెంచులు చిల్లగింజలు, కుంకుళ్ళు, కరక్కాయలు, తపసిబంక, తేనె సేకరించుట తరతరముల వృత్తి. ఈ సరుకులను కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణము ముఖ్యస్థానముగ ఏర్పడినది. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము చిల్లర అటవీఫలసాయముపై అడవి నివాసులకు హక్కు నిచ్చినది. ఆ హక్కు వారిది. మైదానపు రైతులు వ్యాపారుల ప్రోద్బలమున అడవిలో చొచ్చి వేళ్ళు త్రవ్వించుట చట్టవిరుద్ధము, అన్యాయము.

కాయ కోసిన చెట్టు మరల కాయును. వేరు త్రవ్విన మొక్క చచ్చును. చలువ పానీయమునకు వాడు మారేడు గడ్డలు నల్లమలలో క్షీణించుటకు కారణ మిదియే. అడవిలో తరిగిపోవు మొక్కను పొలములో పెంచుటయే మందులకును, అడవికిని, చెంచులకును మేలు. ఆ మొక్కల గుర్తులు, పెరుగు తావులు, సేకరించు తరుణములు చెంచులకు తెలిసినట్లు మరియెవరికిని తెలియవు. నారుమడులు పెంచువారు వారిని పనికి పిలిచి తగిన వేతన మిచ్చి ఆ తెలివిని గౌరవింపవలెను.

7. ఆరబెట్టుట, నిలువచేయుట

ఓషధుల సేద్యమున సగము పని కోతతో ముగియదు, కోతతో మొదలగును. సునాముఖి ఆకును కుప్పపోసినచో ఒక్క రాత్రిలో వేడెక్కి నల్లబడును. పలుచగ పరచి, గాలి తగులు నీడలో దినమునకు రెండు మూడుసార్లు తిరుగవేయుచు, పచ్చదనము పోకుండ ఆరబెట్టవలెను. ఇందులకు రేకుల షెడ్డుకంటె తాటాకు పందిరి మేలు. రేకు క్రింద వేడి మిక్కుటమగును.

పలనాటిలో ప్రతి రైతునకును మిరపకాయలు ఎండబోయు కల్లము కలదు. ఆ కల్లముననే ఓషధులను ఆరబోయరాదు. మిరపఘాటు, పురుగుమందుల శేషము ఆకుకు అంటును. అట్లే మిరప, యూరియా సంచులలో నింపరాదు. క్రొత్త గోనెసంచులు వాడవలెను. ప్రతి సంచికి పైరు పేరు, పొలము సర్వే నంబరు, కోత తేదీ వ్రాసిన చీటి కట్టవలెను. జాతీయ ఔషధ మొక్కల బోర్డు 2000వ సంవత్సరమున ఏర్పడినది. సరియైన సాగు, సేకరణ పద్ధతులను గూర్చి ఈ బోర్డు ప్రకటించిన నియమములందు ఇట్టి గుర్తింపు ముఖ్యము. పెద్ద కర్మాగారములు సరుకెచ్చట పండినదో అడుగును; చెప్పలేనివానికి తక్కువ ధర దొరకును.

8. కూలిజనమునకు పని

భూమిగల రైతు తన లాభము లెక్కించునపుడు ఊరి కూలిజనము సంగతి కూడ తలపవలెను. వేసవిలో కుటుంబములు వలసపోయిన ఊరిలో తొలకరికి కలుపుతీయువారు దొరకరు. ఆ కష్టము తిరిగి రైతునకే తగులును.

ప్రత్తితీత, మిరపకోత ఒకేసారి వేలమందిని పిలిచి, అవి ముగియగనే అందరిని ఖాళీగ విడుచును. ఓషధుల పని ఏడాదిలో విస్తరించి యుండును. జూన్, జూలైలలో సునాముఖి విత్తుట, నేలవేము నాటుట, వేపగింజలు ఏరుట. సెప్టెంబరులో పెన్నేరు విత్తుట, సునాముఖి తొలికోత. అక్టోబరు, నవంబరులలో పెన్నేరు పలుచన, నేలవేము కోత. శీతకాలాంతమున పెన్నేరు త్రవ్వకము. ఇక ఏప్రిల్, మే నెలలలో, రెంటచింతల ఎండకు పొలమున కాలుమోపరాని దినములలో, వేరు తరుగుట, తరగతులు వేరుచేయుట, విత్తనము శుభ్రపరచుట అను నీడపట్టు పని మిగులును. స్త్రీలకు, వృద్ధులకు, బరువు మోయలేనివారికి ఇది తగిన పని.

ఇందొక చిక్కు కలదు, దానిని దాచరాదు. పెన్నేరు త్రవ్వు ఫిబ్రవరి, మార్చి నెలలు మిరపకోతకును అవే నెలలు. అప్పుడు కూలి హెచ్చును, మనుష్యులు దొరకరు. కావున మిరప విస్తారముగ వేసిన రైతు పెన్నేరు పరిమితముగ వేసి, మిగిలిన మెరకలో సునాముఖి వేయవలెను. ఎండిన వేరు నిలువయుండును గాన, త్రవ్వి ఆరబెట్టుటవరకే ఆ నెలలలో చేసి, తరుగుట, ఏరుట వేసవికి ఉంచుకొనవలెను.

ఏరుట నేర్పుతో కూడిన పని. నేర్చినవారికి మామూలు కలుపుకూలి యిచ్చి, మొదటి తరగతి వేరు ఆశించుట న్యాయము కాదు. ఊరి స్త్రీల స్వయంసహాయక సంఘమునకు ఆరబెట్టు పందిరిని, ఏరుడు పనిని ఒప్పగించి, శుభ్రమైన సరుకునకు తూకము మీద కూలి కట్టినచో ఇరువురకును లాభము.

9. అమ్మకము, ఒడంబడిక

వరి, ప్రత్తి, మిరప పండించువాడు పండించి అమ్మును. ఓషధులు పండించువాడు అమ్మి పండింపవలెను. గుంటూరు మిరప అంగడివంటిది వీటికి సమీపమున లేదు. కావున విత్తుటకు ముందే కొనువాని నిర్ణయింపవలెను.

ఒడంబడికలో ఈ అంశములు వ్రాతపూర్వకముగ నుండవలెను: సరుకు పేరు, తరగతి, తేమ ఎంతవరకు ఒప్పుకొందురు, కనీస ధర, తూకము ఎచ్చట వేయుదురు, సంచుల, రవాణా ఖర్చు ఎవరిది, రొక్కము ఎన్ని దినములలో చెల్లింతురు, పరీక్షలో తగ్గినచో సరుకును ఏమి చేయుదురు. "తరువాత చూచుకొందము" అను మాట ఒడంబడిక కాదు. ఒంటరి రైతు అయిదు సంచులతో పోయినచో వ్యాపారి చెప్పినదే ధర. పదిమంది రైతులు ఉత్పత్తిదారుల సంఘముగ ఏర్పడి లారీ సరుకుతో పోయినచో ధర అడుగు హక్కు వచ్చును. జాతీయ బోర్డువారు నడుపు ఇ-చరక్ అను వేదికపై కొనువారు, అమ్మువారు ఒకరినొకరు తెలిసికొనుటకు వీలు కలదు.

ధర ఎప్పుడును ఒకేరీతిగ నుండదు. 1942లో జావాద్వీపము జపానువారి వశము కాగా క్వినైను కరవై, సింకోనా బెరడుకు ఎనలేని గిరాకి వచ్చెను. పిమ్మట క్లోరోక్విన్ మున్నగు రసాయన ఔషధములు వ్యాపించగా ఆ గిరాకి తగ్గిపోయెను. ఇటీవల 2020లో కోవిడ్ వ్యాపించినపుడు అశ్వగంధ, తిప్పతీగలకు గిరాకి పెరిగెను. 2023లో డెన్మార్కు దేశము అశ్వగంధను నిషేధించెను. ఎక్కడనో తీసికొన్న నిర్ణయము వెల్దుర్తి పొలములోని వేరు ధరను తాకగలదు.

మరియొక సంగతి: 2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టమును 2023లో సవరించినపుడు, పొలమున సాగుచేసిన ఔషధ మొక్కలకు మినహాయింపు కల్పింపబడినది. సరుకు అడవిది కాదు, పొలముది అని చూపుకొనుటకు సాగు వివరములను, పైరు నమోదును రైతు భద్రపరచుకొనవలెను.

10. జమాఖర్చు

లెక్క చూచు విధము తెలియుటకు ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ మీయబడుచున్నది. ఈ మొత్తములు ఏ ఊరి ధరలును కావు. రైతు తన ఊరి ధరలు వేసికొనవలెను. పెన్నేరు ఎకరము 1కి: దుక్కి 5,000, విత్తనము 1,500, ఎరువు 4,000, కలుపు, పలుచన 5,000, త్రవ్వకము, తరుగుట, ఏరుట 8,000, సంచులు, రవాణా 2,500, మొత్తము 26,000 రూపాయలు అనుకొందము. 200 కిలోల వేరు వచ్చినచో కిలో 1కి 130 రూపాయలు పడినది. వాన తప్పి 150 కిలోలే వచ్చినచో కిలో 1కి సుమారు 173 రూపాయలు పడినది. కౌలు, వడ్డీ దీనికి కలుపవలెను. కొనువాడు చెప్పు కనీస ధర ఈ రెండవ అంకెకు పైన నున్నచో పైరు వేయవచ్చును. రెండింటికి నడుమ నున్నచో కొలదిగ వేయవచ్చును. మొదటి అంకెకు తక్కువైనచో వేయరాదు. ఈ లెక్క విత్తుటకు ముందు చేయవలసినది. అమ్మిన పిమ్మట చేసిన ప్రయోజనము లేదు.

అయిదెకరములు గల రైతు మొదటి యేట అరయెకరమునకు మించి ఓషధులు వేయరాదు. రెండవ యేట, సరుకు అమ్ముడుపోయి రొక్కము చేతికి వచ్చిన పిమ్మట, ఎకరము చేయవచ్చును. తిండిగింజలు, పశువుల మేత పండు భూమిని దీనికి మార్చరాదు. అప్పు తెచ్చి వేయరాదు. సబ్సిడీ వచ్చునను ఆశతో ఏ పైరును వేయరాదు. వచ్చినచో మంచిదే, రాకున్నను పైరు నిలువగలుగవలెను.

గుర్తుంచుకొనవలసిన విషయములు

1. నీరు నిలువని ఎఱ్ఱమెరకలే ఓషధులకు తగును, నల్లరేగడి తగదు.
2. కొనువానిని నిశ్చయించుకొని, వ్రాతపూర్వకమైన ఒడంబడిక అయిన పిమ్మటనే విత్తవలెను.
3. మొదటి యేట అరయెకరము చాలును.
4. స్వంత విత్తనము తీసి భద్రపరచవలెను.
5. పురుగుమందులు, మిరపకల్లము, పాతసంచులు దరిచేరనీయరాదు.
6. కల్తీ చేయరాదు, తరగతులు కలుపరాదు.
7. అడవిలో వేరు త్రవ్వింపరాదు.
8. ఏరుడు పనికి నేర్పునకు తగిన కూలి యీయవలెను.

ఓషధులు రైతును ఒక్క యేట ధనవంతుని చేయవు. అట్లు చేయునని చెప్పువాని నమ్మరాదు. కాని ప్రత్తి చెడిన యేట ఇంట గింజలు కొనుటకు, బడిపిల్లల జీతము కట్టుటకు అరయెకరపు పెన్నేరు అక్కరకు వచ్చును. వేసవిలో ఊరు విడిచిపోవు పది కుటుంబములలో రెండు మూడైన ఊరనే నిలుచును. మెరకభూమిగల పలనాటి రైతునకు ఈ మాత్రపు ఆధారము చిన్నది కాదు.